ఆక్టేవియా ఆర్‌ఎస్ 230: మొదటి అప్‌గ్రేడ్‌లు ఏ వరుసలో చేయాలి?

చపాటా_230 | హనుమకొండ | 12 ఏప్రిల్ 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదలు.

ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాను. 2018 బండి, 230 పీఎస్‌ది (పీఎస్ అంటే హార్స్‌పవర్ లాంటి కొలత), ఎరుపు రంగు. 58,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి ఓనర్ ఏ మార్పూ చేయలేదు, అంతా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. ఇంట్లో నాన్నకు "స్కోడా సెడాన్, డిక్కీ పెద్దది" అని చెప్పాను. అబద్ధమైతే కాదు కదా.

మాకు ఏనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. రోజూ నక్కలగుట్ట నుంచి అక్కడికి, వారానికోసారి హైదరాబాద్‌కు. ఎప్పుడైనా తెల్లవారుజామున ములుగు వైపు ఒక రౌండ్. రేస్ ట్రాక్ మొహం ఇంతవరకు చూడలేదు.

బడ్జెట్ 3 లక్షలు. మే మొదటి వారంలో స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయిద్దామని ట్యూనర్‌తో మాట్లాడి పెట్టాను. తర్వాత కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, ఆ తర్వాత ఎగ్జాస్ట్. డబ్బులు మిగిలితే బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగ్‌లు. ఈ వరుస సరైందేనా? ఏమైనా మర్చిపోయానా?

పోలో_పిల్లగాడు | కాజీపేట | 12 ఏప్రిల్, రాత్రి 10:58

అన్నా!!! కంగ్రాట్స్. ఫోటో ఏది?

స్టేజ్ 1 కొట్టించెయ్, ఇంకేం ఆలోచించకు. నాది పోలో జీటీ టీఎస్‌ఐ, 105 పీఎస్. నీ బండి ఇప్పుడే నా దానికి రెండింతలకు పైన ఉంది. రీమ్యాప్ చేస్తే 280 నుంచి 300 దాకా పోతుందని ట్యూనర్లందరూ చెప్తారు, టార్క్ (తిప్పే బలం) 400 ఎన్‌ఎం దాటుతుంది. పార్టులు మార్చేది లేదు, ల్యాప్‌టాప్ పెట్టి రెండు గంటల పని. పెట్టిన రూపాయికి ఇంత పవర్ ఇంకెక్కడా రాదు.

పేరు బాగుంది అన్నా, చపాటా మిర్చి లెక్క ఎర్రగా ఉందా?

గని_గేర్లు | గోదావరిఖని | 12 ఏప్రిల్, రాత్రి 11:20

తమ్మీ, టైర్ల మీద తేదీ ఎంత ఉంది?

చపాటా_230 | 12 ఏప్రిల్, రాత్రి 11:31

టైర్ల తేదీనా అన్నా? చూడలేదు. గాడి అయితే బాగానే ఉంది. పొద్దున చూసి చెప్తా.

చపాటా_230 | 13 ఏప్రిల్, ఉదయం 7:15

చూశాను. గుండ్రటి గడిలో నాలుగంకెలు. ముందు రెండింటి మీద 3117, వెనక వాటి మీద 2917. అంటే 2017లో 31వ వారం, 29వ వారం అన్నమాట. బండి కంటే టైర్లే పెద్దవి.

గాడి సగానికి పైనే ఉంది కానీ, మోకాళ్ల మీద కూర్చుని టార్చ్ వేసి చూస్తే గాడికీ గాడికీ మధ్య వెంట్రుకంత పగుళ్లు. ఎండిన చెరువు అడుగు లెక్క. రెండు నెలలుగా దీంతోనే హైదరాబాద్ తిరిగాను.

గని_గేర్లు | 13 ఏప్రిల్, ఉదయం 9:40

అయితే మొదటి అప్‌గ్రేడ్ ఏమిటో నీకే తెలిసిపోయింది.

నేను ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ల మెయింటెనెన్స్ చూస్తాను. అన్నీ టర్బో డీజిల్ ఇంజిన్లే. పవర్ తగ్గిందని ఆపరేటర్ రాసిస్తే మేం మొదట చూసేది ఎయిర్ ఫిల్టర్, హోస్‌లు, క్లాంపులు. టర్బో మీద చెయ్యి పడేది అన్నిటికంటే చివర. పవర్ పెంచాలన్నా వరుస అదే. ఏడేళ్ల బండికి ముందు అది పుట్టినప్పుడు ఇచ్చిన 230 ఇప్పుడు ఇస్తోందా లేదా తేల్చుకోవాలి. 180 దగ్గర నడుస్తున్న ఇంజిన్‌కు రీమ్యాప్ వేస్తే ఉన్న రోగం మీద బరువు పెట్టినట్టే.

నేను చెప్పే వరుస రాస్తున్నా, బోర్ కొడితే వదిలెయ్. టైర్లు నాలుగూ మార్చు, అదే సైజు, మంచి రకం. బ్రేక్ ఆయిల్ మార్చు. డాట్ 4 ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు పట్టిందానికి ఆ ప్రమాణం 155 మాత్రమే. నాలుగుసార్లు గట్టిగా బ్రేక్ కొడితే పెడల్ మెత్తబడి లోపలికి పోయేది అందుకే. రెండేళ్లకోసారి మార్చాలి. ప్యాడ్‌లు ఎంత మిగిలాయో చూడు.

తర్వాత గేర్‌బాక్స్. నీ దాంట్లో ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్‌ది, డీక్యూ250 అనే రకం. దాని ఆయిల్, ఫిల్టర్ 60,000 కిలోమీటర్లకు మార్చాలి. నువ్వు 58,000లో ఉన్నావు. ఇంకో సంగతి, ఆ బాక్స్‌కు కంపెనీ పెట్టిన టార్క్ పరిమితి 350 ఎన్‌ఎం. నీ ఇంజిన్ ఇప్పుడే 350 ఇస్తుంది, అదీ 1500 ఆర్‌పీఎం నుంచే. 400 పైకి పోవాలంటే ఇంజిన్ ట్యూన్ ఒక్కటే చాలదు. క్లచ్‌ను ఇంకా గట్టిగా పట్టేలా గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా రాయించాలి. నీ ట్యూనర్ ఆ మాట ఎత్తాడా?

ఇంకొకటి. హైవే దిగి లోపలి రోడ్లలోకి పోతే వచ్చేది యాసంగి వడ్ల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటాయి. రాత్రి పూట వెనక లైట్లు లేని ట్రాక్టర్లు. అక్కడ పనికొచ్చేది బ్రేకు, టైరు.

జనగామ_క్రెటా | జనగామ | 13 ఏప్రిల్, ఉదయం 10:05

సార్ నాది క్రెటా డీజిల్, మైలేజీ తగ్గింది, రీమ్యాప్ చేస్తే మైలేజీ పెరుగుతుందా? ఎంత అవుతుంది?

నిర్వాహకుడు | 13 ఏప్రిల్, ఉదయం 10:30

జనగామ గారూ, మీ ప్రశ్నను డీజిల్ విభాగంలోకి మార్చాను. అక్కడ జవాబు వస్తుంది. ఇక్కడ ఆర్‌ఎస్ గురించే మాట్లాడుకుందాం.

చపాటా_230 | 13 ఏప్రిల్, మధ్యాహ్నం 1:12

గేర్‌బాక్స్ ట్యూన్ మాటే ఎత్తలేదు. ఫోన్ చేసి అడిగితే "అవసరం లేదు సార్, అందరూ ఇట్లనే నడుపుతున్నారు" అన్నాడు.

గని_గేర్లు అన్నా, మీరు చెప్పిందంతా చేస్తే 3 లక్షల్లో లక్ష పైనే పోతుంది, ఒక్క పీఎస్ కూడా పెరగదు కదా. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

నిర్మల్_ఘాట్ | నిర్మల్ | 13 ఏప్రిల్, రాత్రి 9:50

నాదీ ఆర్‌ఎస్ 230, నీలం రంగు. నాలుగేళ్లుగా స్టేజ్ 1 మీద నడుపుతున్నా. కాబట్టి ట్యూన్ వద్దని చెప్పను. కానీ నేను మొదటిసారి చేయించుకున్నది ఎట్లా పోయిందో చెప్తా.

షాపు పేరు ఇక్కడ రాయను. వాళ్లు వేసింది యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోల్‌కు రాసిన ట్యూన్ ఫైల్ అని (నాకింగ్‌ను, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడాన్ని, ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత ఆక్టేన్) తర్వాత తెలిసింది. నేను పోయిస్తున్నది ఊళ్లో దొరికే మామూలు పెట్రోల్. జనవరిలో చేయించా. ఆదిలాబాద్ వైపు చలిలో బండి గాల్లో తేలింది. మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే నవ్వు ఆగలేదు.

మే వచ్చింది. ఒక పెళ్లికి వరంగల్ పోతూ హైదరాబాద్ మీదుగా వెళ్లాను. మధ్యాహ్నం రెండు, ఏసీ ఫుల్లు, నలుగురు మనుషులు. జనగామ దాటి కోమళ్ల టోల్ గేట్ నుంచి కదిలి గట్టిగా తొక్కా. రెండు కుదుపులు, ఇంజిన్ లైట్ టపటపా కొట్టుకుంది, ఆ తర్వాత బండిలో జీవం లేదు. 60 స్పీడ్‌లో వరంగల్ చేరాం. పెళ్లికి కాదు, భోజనాలకే అందుకున్నాం.

మర్నాడు ప్లగ్గులు విప్పితే మూడో సిలిండర్ ప్లగ్గు పింగాణీకి సన్న చీలిక. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య అక్కడక్కడా వెండి మెరుపు. మెకానిక్ దాన్ని గోటితో గీకి చూపించి "ఇది ప్లగ్గుది కాదు సార్, పిస్టన్‌ది" అన్నాడు. నాకింగ్ దెబ్బకు పిస్టన్ పైపొర నుంచి ఎగిరిన అల్యూమినియం. అదృష్టం, కంప్రెషన్ బాగానే వచ్చింది. ఇంకో వారం అట్లాగే నడిపి ఉంటే ఇంజిన్ దించాల్సి వచ్చేది.

ఇప్పుడున్నది 95 ఆక్టేన్‌కు, మన ఎండకు తగ్గట్టు నా బండి లాగ్‌లు (నడిచేటప్పుడు ఇంజిన్ రికార్డు చేసే అంకెలు) చూసి రాసిన ఫైల్. మొదటి దానికంటే కాగితం మీద పవర్ తక్కువే. ఎండలో తేడా రాదు. గేర్‌బాక్స్ ట్యూన్ కూడా చేయించా. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెద్దది వేయించా.

ఇక నీ ప్రశ్న. ఈ బండికి కంపెనీ ఇచ్చిన ఎయిర్ బాక్స్ స్టేజ్ 1 దాకా సరిపోతుంది. బయట అమ్మే తెరిచి ఉన్న కోన్ ఫిల్టర్లకు "కోల్డ్ ఎయిర్" అని పేరు పెడతారు కానీ బానెట్ కింద అవి పీల్చేది ఇంజిన్ వేడి గాలినే. చప్పుడు మాత్రం బాగుంటుంది. పోలో తమ్ముడు చెప్పిన చపాటా ఇదే: రంగు ఎక్కువ, కారం తక్కువ. పైగా మీ దిక్కు గ్రానైట్ లారీల దుమ్ము. కాగితం ఫిల్టర్ కొత్తది వేసుకో.

పోలో_పిల్లగాడు | 13 ఏప్రిల్, రాత్రి 10:20

అది ఫైల్ తప్పు కదా అన్నా, ట్యూన్ తప్పు కాదు. మంచి ట్యూనర్ దగ్గరికి పోతే అయిపోతుంది. హైదరాబాద్‌లో 100 ఆక్టేన్ దొరుకుతుంది. వారానికోసారి పోతున్నాడు కదా, ట్యాంక్ నింపుకుంటే సరి.

నిర్మల్_ఘాట్ | 13 ఏప్రిల్, రాత్రి 10:41

ట్యాంకు నింపుకుని వరంగల్ చేరేసరికే నాలుగో వంతుకు దగ్గరగా ఖర్చయిపోతుంది. మళ్లీ హైదరాబాద్ పోయేలోగా ఊళ్లో పోయించాల్సి రావచ్చు. 100 కోసం రాసిన ఫైల్ ఉన్న బండిలో మామూలు 91 పోస్తే నాకు జరిగిందే జరుగుతుంది. ఎక్కడ నడుపుతామో అక్కడి బంకులో రోజూ దొరికే పెట్రోల్‌కే ఫైల్ రాయించుకోవాలి. హనుమకొండలో 95 దొరుకుతుంది కాబట్టి 95.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కూడా వస్తోంది. ఇథనాల్ నాకింగ్‌ను ఆపుతుంది, ఆ మేరకు మంచిదే. కానీ అందులో శక్తి తక్కువ, అదే పని చేయడానికి ఇంధనం ఎక్కువ పోయాలి. మొదట ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై, ఈ10కు (10 శాతం ఇథనాల్) సర్దిన కార్లకు ఈ20తో (20 శాతం) మైలేజీ 6–7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లోనే రాశారు. ట్యూనర్ లాగ్‌లు తీసేటప్పుడు ట్యాంకులో ఏముందో చెప్పు. చాలామంది చెప్పరు.

కరీంనగర్_వకీలు | కరీంనగర్ | 14 ఏప్రిల్, ఉదయం 8:30

సెలవు రోజు కదా అని ఇటు తొంగిచూశాను. సరదా పాడు చేస్తున్నందుకు క్షమించండి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో సెక్షన్ 182ఏ(4) వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ పోయే పైపు), చెవులు పగిలే ఎగ్జాస్ట్ రోడ్డు మీద ముందుగా దొరికిపోయేవి. సుబేదారి చౌరస్తాలో ఆపితే "ఇది స్టేజ్ 2 ట్యూనింగ్ సార్" అంటే వినరు.

రీమ్యాప్ కంటికి కనబడదు కాబట్టి ఎవరూ పట్టుకోరని అనుకుంటారు. అసలు ఇబ్బంది ట్రాఫిక్ పోలీసుతో కాదు, ఇన్సూరెన్స్‌తో. పెద్ద యాక్సిడెంట్ అయి సర్వేయర్ వచ్చినప్పుడు, చెప్పకుండా దాచిన మార్పు బయటపడితే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు దారి ఇచ్చినట్టే. ముందే రాసి ఇవ్వండి, ఏమన్నారో కాగితం మీద తీసుకోండి.

అదే సైజు మంచి టైర్లు, మంచి ప్యాడ్‌లు, బ్రేక్ ఆయిల్, ప్లగ్గులు మార్చుకుంటే అవి మెయింటెనెన్స్. వాటికి ఈ గొడవ లేదు.

చపాటా_230 | 14 ఏప్రిల్, రాత్రి 9:05

వకీలు సార్, థాంక్స్. పాలసీ ఆగస్టులో రెన్యూవల్. అప్పటిదాకా టైం ఉంది.

మే స్లాట్ క్యాన్సిల్ చేశాను. ట్యూనర్ కోపమేమీ చేసుకోలేదు, "మీ ఇష్టం" అన్నాడు. లోపల కొంచెం బాధగానే ఉంది, నిజం చెప్పాలంటే.

ఈ నెల్లో టైర్లు, బ్రేక్ ఆయిల్, డీఎస్‌జీ సర్వీస్. తర్వాత ఏ మార్పూ లేకుండానే డైనో (రోలర్ల మీద బండిని నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద ఎక్కించి లాగ్ తీద్దామని. రోడ్డు మీద థర్డ్ గేర్‌లో ఫుల్లుగా తొక్కి లాగ్ తీయడం నా వల్ల కాదు. మొన్న రఘునాథపల్లి దగ్గర డివైడర్ గ్యాప్‌లో నుంచి గేదె ఒకటి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది.

గని_గేర్లు | 14 ఏప్రిల్, రాత్రి 9:30

శభాష్. డైనోకు పోయేముందు బానెట్ ఎత్తి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి థ్రాటిల్‌కు పోయే పైపులన్నీ చేత్తో తడిమి చూడు. జాయింట్ల దగ్గర ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉందా చూడు. ఫోటో పెట్టు.

చపాటా_230 | 4 మే, సాయంత్రం 6:48

చాలా రోజులైంది. సీజన్, మార్కెట్‌కు మిర్చి లారీలు ఆగలేదు.

మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వేయించాను, నాలుగూ. పాత టైర్లతో బండి రోడ్డు మీద అరుస్తూ పోయేది, అది ఇంజిన్ చప్పుడనుకున్నా ఇన్నాళ్లు. బ్రేక్ ఆయిల్ తీస్తే డికాక్షన్ రంగులో వచ్చింది. డీఎస్‌జీ ఆయిల్, ఫిల్టర్ అయ్యాయి. ప్లగ్గులు కూడా మార్పించాను. మొత్తం బిల్లులు 1 లక్షా 12 వేలు. నాన్న "సెకండ్‌హ్యాండ్ బండ్లు ఇంతే" అన్నాడు. ఏమీ అనలేకపోయాను.

నిన్న హైదరాబాద్‌లో డైనో. బయట 41 డిగ్రీలు, షెడ్డులో ఇంకా ఎక్కువ. ట్యాంకులో మామూలు పెట్రోల్, కావాలనే. చక్రాల దగ్గర 181 పీఎస్ వచ్చింది (ఇంజిన్ దగ్గరి 230తో నేరుగా పోల్చే అంకె కాదు). లాగ్‌లో మూడు సంగతులు. ఇంజిన్ పీల్చే ఇన్‌టేక్ గాలి ఒక పుల్ (ఫుల్లుగా తొక్కిన పరుగు) మొదట్లో 52 డిగ్రీలు, చివర్లో 71. నాకింగ్ రాకుండా ఇంజిన్ నాలుగు సిలిండర్లలోనూ స్పార్క్‌ను 4 నుంచి 6 డిగ్రీలు వెనక్కి లాగుతోంది. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఇంజిన్ అడిగినంత రావడం లేదు, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గిపోతోంది.

డైనో అబ్బాయి "ఎండ సార్, అందరివీ ఇట్లనే వస్తాయి" అన్నాడు.

గని_గేర్లు | 4 మే, రాత్రి 7:20

మొదటి రెండూ ఎండ, పెట్రోల్. మూడోది ఎండ కాదు. పైపులు చూశావా, లేదా?

చపాటా_230 | 5 మే, ఉదయం 6:55

తడిమాను అన్నా, దొరికింది!

ఇంటర్‌కూలర్ దగ్గర పైపు మెడ చుట్టూ ఆయిల్ తడి, దాని మీద ఎర్రమట్టి పేరుకుని గాజంత వలయం. క్లిప్పు ఒక పక్కన మాత్రమే కూర్చుని ఉంది. ఇంతకుముందు ఎవరో విప్పి సరిగ్గా పెట్టలేదు. బూస్ట్ పెరిగినప్పుడల్లా అక్కడ నుంచి గాలి పోతోంది. మా కోల్డ్ స్టోరేజీ ఫిట్టర్ వచ్చి తుడిచి, లోపలి రబ్బరు రింగు చూసి, నొక్కాడు. టక్ మని కూర్చుంది. ఖర్చు ఒక టీ.

ఆయన పని చేస్తూ ఒక మాట అన్నాడు. "సార్, మన కంప్రెసర్ డిశ్చార్జ్ పైపు మీద చెయ్యి పెట్టగలరా? గ్యాస్‌ను నొక్కితే వేడెక్కుతుంది. అందుకే కదా పైన కండెన్సర్ మీద నీళ్లు చల్లుతున్నాం. దీనికి నీళ్లు ఎవరు చల్లుతారు?" ఇరవై ఏళ్లుగా ఆ అమ్మోనియా పైపు పక్కనే తిరుగుతున్నా. కారులో కూడా అదే పని జరుగుతోందని ఎప్పుడూ తట్టలేదు. టర్బో గాలిని నొక్కుతుంది, గాలి వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ చల్లార్చాలి. ఆ ఇంటర్‌కూలర్ చూస్తే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కుని ఉంది. ఏసీ వేస్తే ముందు నుంచి వేడి, వెనక నుంచి రేడియేటర్ వేడి.

పోలో_పిల్లగాడు | 5 మే, ఉదయం 7:30

ఆ ఫిట్టర్ నంబర్ ఇవ్వు అన్నా 😂 మన గ్రూప్‌లో అందరికంటే ఆయనే నయం.

నిర్మల్_ఘాట్ | 5 మే, ఉదయం 8:10

ఇప్పుడు అర్థమైంది కదా, ఎగ్జాస్ట్ డబ్బులు ఎక్కడ పెట్టాలో. మన ఊళ్లకు ఈ బండికి మొదటి పవర్ పార్ట్ ఇంటర్‌కూలర్. చలిదేశాల వాళ్ల వరుస వేరు, వాళ్లు ముందు ఫైల్ వేసుకుంటారు, ఇంటర్‌కూలర్ తర్వాత చూసుకుంటారు. నా బండిలో పెద్ద కోర్ వేశాక ఎండలో ఇన్‌టేక్ వేడి పుల్ చివర్లో 15 డిగ్రీల దాకా తగ్గింది. పవర్ పెరిగిందని కాదు, ఉన్న పవర్ మూడోసారి తొక్కినప్పుడూ ఉంటుంది. తీసుకునేటప్పుడు మరీ పెద్ద కోర్ వద్దు. నిండడానికి టైం పడుతుంది, కింద తొక్కగానే వచ్చే చురుకు పోతుంది. రేడియేటర్‌కు గాలి కూడా తగ్గుతుంది.

ఒక అలవాటు కూడా. పొద్దున స్టార్ట్ చేయగానే తొక్కకు, ఆయిల్ వేడెక్కనివ్వు. గట్టిగా నడిపి ఆపేముందు చివరి రెండు కిలోమీటర్లు మెల్లగా రా. ఆయిల్ 7,500కే మార్చు, 15,000 దాకా ఆగకు. టర్బో షాఫ్ట్ తేలేది ఆ ఆయిల్ మీదే.

చపాటా_230 | 25 మే, రాత్రి 8:30

రోహిణి కార్తె మొదలైంది, రోళ్లు పగులుతున్నాయి. ఈ ఎండలోనే మళ్లీ డైనోకు పోయాను, కావాలనే. ఈసారి 95 పెట్రోల్, క్లిప్పు సరిగ్గా ఉంది. ఇంకేం మార్చలేదు. బయట 42.

చక్రాల దగ్గర 194. స్పార్క్ వెనక్కి పోవడం ఒకటి, రెండు డిగ్రీలకు తగ్గింది. బూస్ట్ అడిగినంత వస్తోంది. ఇన్‌టేక్ వేడి మాత్రం అంతే, 70. అంటే ఒక క్లిప్పు, లీటరుకు కొన్ని రూపాయల తేడాతో 13 పీఎస్.

ఇంటర్‌కూలర్ ఆర్డర్ పెట్టాను. జూలైలో వస్తుందట. స్ప్రింగ్‌ల ఆలోచన వదిలేశా. మా కోల్డ్ స్టోరేజీ గేటు ముందు స్పీడ్ బ్రేకర్‌కు ఇప్పుడే అడుగు రాసుకుంటోంది. ఎగ్జాస్ట్... దాని గురించి ఏమీ అడగకండి. రాత్రి పడుకునేముందు వీడియోలు చూస్తూనే ఉన్నా.

పోలో_పిల్లగాడు | 25 మే, రాత్రి 8:52

మరి స్టేజ్ 1 ఎప్పుడు అన్నా? ఇదంతా దానికోసమే కదా!

చపాటా_230 | 25 మే, రాత్రి 9:10

డిసెంబర్. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి రాసే వాళ్లతోనే, 95 ఫైల్. ఇంటర్‌కూలర్ పడ్డాక ఒకసారి, వానాకాలం అయ్యాక ఒకసారి లాగ్ తీసి పంపమన్నారు. ఆగస్టులో ఇన్సూరెన్స్ వాళ్లకు ఉత్తరం రాస్తా. వకీలు సార్ ఒకసారి చూసిపెడితే బాగుంటుంది. వాళ్లు కుదరదంటే అప్పుడు మళ్లీ ఇక్కడికే వచ్చి ఏడుస్తా.

కరీంనగర్_వకీలు | 25 మే, రాత్రి 9:40

డ్రాఫ్ట్ పంపండి. ఫీజు ములుగు వైపు ఒక రౌండ్.

గని_గేర్లు | 26 మే, ఉదయం 6:10

డిసెంబర్‌లోగా ఇంజిన్ ఊగకుండా కింద పట్టుకునే డాగ్‌బోన్ మౌంట్‌లోని రబ్బరు బుష్ చూసుకో. ముందు చక్రాలు లాగే బండి, టార్క్ పెరిగితే ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, చక్రాలు ఎగిరెగిరి జారతాయి. దాంట్లో పెట్టే గట్టి ఇన్సర్ట్ చిన్న ఖర్చు. కొంచెం వైబ్రేషన్ వస్తుంది, ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్‌లో తెలుస్తుంది. మరీ గట్టి రకం తీసుకోకు.

చపాటా_230 | 11 జూన్, సాయంత్రం 5:25

మృగశిర వచ్చింది, మొన్న రాత్రి మంచి వాన. పొద్దున ఐదున్నరకు ములుగు దాకా పోయి వచ్చాను. తడి రోడ్డు మీద కొత్త టైర్లతో బ్రేక్ కొడితే బండి నిలబడిన తీరు చూసి, 3117 టైర్లతో ఏప్రిల్‌లో ఏం చేశానో తలచుకుంటే చెమట పట్టింది. చల్లగాలికి ఇంజిన్ కూడా వేరే బండిలా ఉంది. ఇంటర్‌కూలర్ రాకముందే.

డాగ్‌బోన్ ఇన్సర్ట్ పార్సిల్ ఈ మధ్యాహ్నం వచ్చింది. నేను మార్కెట్‌లో ఉంటే నాన్న సంతకం పెట్టి తీసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి డబ్బా విప్పి, అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. "ఈ రబ్బరు ముక్కకు నాలుగు వేలారా?" అన్నాడు. తర్వాత కాసేపాగి, "డిక్కీలో పెట్టేదా ఇది?" అని అడిగాడు.